గాలిని ఆపుదాం, ఊపిరిని కాదు
(చలికాలం ముందు సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం)



ఇంగ్లాండులో మనలో చాలామంది అద్దెకు ఉండేవి పాత టెర్రస్ ఇళ్లు. వందేళ్లు దాటినవి. మధ్యలో ఖాళీ లేని ఇటుక గోడలు, చెక్క నేల, గదికో పొగగొట్టం. అప్పట్లో బొగ్గు మండాలంటే గాలి కావాలి కాబట్టి అలా కట్టారు. బొగ్గు పోయింది, గాలి మిగిలింది. మన ఊళ్లో ఇంట్లో గాలి ఆడాలని కిటికీకి ఎదురుగా కిటికీ పెట్టుకుంటాం. ఇక్కడ ఆ గాలే మన జీతం మోసుకుపోతోంది.

చలి మొదలవగానే మనవాళ్లు చేసే పని ఫ్యాన్ హీటర్ కొనడం. కొనేటప్పుడు చవకే. కానీ రెండు కిలోవాట్ల హీటర్ గంటకు రెండు యూనిట్లు లాగుతుంది. యూనిట్ 25 పెన్సులు వేసుకుంటే, రోజుకు ఐదు గంటలకు రెండున్నర పౌండ్లు, నెలకు 75 పౌండ్లు. అదీ ఒక్క గదికి! చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. ముందు చిల్లు మూయాలి.

చిల్లు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? బాగా గాలి వీచే రోజు ఒక అగరొత్తి వెలిగించండి. కర్టెన్లకు తగలకుండా తలుపు సందుల దగ్గర, కిటికీ చట్రం చుట్టూ, ఉత్తరాల పెట్టె దగ్గర, నేల అంచున మెల్లగా తిప్పండి. పొగ పక్కకు వంగిన చోటే గాలి దారి.

తలుపు కింద సందుకు పాత చీరనో లుంగీనో గట్టిగా చుట్టి పెట్టండి. కిటికీ రెక్క ఆనే చోట అతికించే ఫోమ్ టేపు కొద్ది పౌండ్లకే దొరుకుతుంది. ఉత్తరాల పెట్టెకు బ్రష్ ఉన్న మూత వేయించండి. వాడని పొగగొట్టం పెద్ద చిల్లు. దాన్ని మూసే సాధనాలు దొరుకుతాయి కానీ ఓనర్‌ను అడిగి చేయండి. రేడియేటర్ మీద కర్టెన్ వేలాడనీయకండి, సోఫా ఆనించకండి. రేడియేటర్ కింద వేడిగా, పైన చల్లగా ఉంటే లోపల గాలి చేరినట్టు. చిన్న తాళంచెవితో ఆ గాలి వదిలేయవచ్చు.

ఇంట్లో ఐదుగురుంటే ఐదు షిఫ్టులు. మనిషి లేని గదిలో రేడియేటర్ వాల్వు తగ్గించండి. నైట్ డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్లకు ఎలక్ట్రిక్ దుప్పటి మేలు. వంద వాట్ల దుప్పటి పది గంటలు వేసినా ఒక్క యూనిట్టే.

ఇప్పుడు అసలు మాట. గాలిని ఆపమన్నాను గానీ ఊపిరిని ఆపమనలేదు. గోడకు జాలీ కనిపిస్తే ప్లాస్టర్ అతికించేయకండి. గ్యాస్ ఫైర్ ఉన్న గదిలో ఆ జాలీయే ప్రాణం. వంటగదిలో, బాత్‌రూములో ఆవిరి బయటికి పోకపోతే గోడలకు బూజు పడుతుంది, దగ్గు పట్టుకుంటుంది. కుంపటి గానీ బార్బెక్యూ బొగ్గులు గానీ ఇంట్లోకి తేవద్దు, ఆరిపోయినట్టు కనిపించినా తేవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు వచ్చి, బయటికెళ్తే తగ్గుతున్నాయంటే అది జలుబు కాదు. వెంటనే అందరూ బయటికి రండి. గ్యాస్ ఎమర్జెన్సీ నంబరు 0800 111 999. మనిషి పడిపోతే 999.

ఇంగ్లాండులో 2022 అక్టోబరు 1 నుంచి, గ్యాస్ బాయిలర్ ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఓనరే పెట్టించాలి. ఏటా గ్యాస్ సేఫ్ ఇంజనీరుతో తనిఖీ చేయించి కాగితం మీకివ్వాలి. గదులు వేడిచేసే ఏర్పాటు, వేడినీళ్ల ఏర్పాటు బాగుండేలా చూడటం 1985 చట్టం ప్రకారం ఓనర్ బాధ్యత.

"అడిగితే వీసాకు ఏమన్నా అవుతుందేమో" అని చాలామంది నోరు మెదపరు. వీసా మీద ప్రభుత్వ నిధులు తీసుకోకూడదని రాసి ఉంటుంది, నిజమే. రిపేరు అడగడం నిధులు తీసుకోవడం కాదు. ఓనర్‌కు నోటితో చెప్పి ఊరుకోకండి. మెసేజ్ పెట్టండి, ఫొటో తీయండి, తేదీ ఉంచుకోండి. కదలకపోతే కౌన్సిల్‌లో ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ విభాగానికి చెప్పండి. ఇంట్లో మితిమీరిన చలిని వాళ్లు ప్రమాదాల్లో ఒకటిగా లెక్కిస్తారు. ఇల్లు పనిచేసే కంపెనీ ఇచ్చినదైతే, ఖాళీ చేయమంటారన్న భయముంటే, ముందు సిటిజన్స్ అడ్వైస్‌లోనో షెల్టర్‌లోనో సలహా తీసుకోండి. డబ్బులు తీసుకోరు.

మన ఇంటికి డబ్బు పంపడానికే ఇంత దూరం వచ్చాం. ఆ డబ్బు సందుల్లోంచి పోనీయొద్దు. దానికోసం ప్రాణం మీదికీ తెచ్చుకోవద్దు. ఈ ఆదివారం ఇంట్లో నలుగురూ కలిసి అగరొత్తి తిప్పండి, అలారం బటన్ నొక్కి చూడండి. మోగకపోతే ఆ రోజే ఓనర్‌కు మెసేజ్ పెట్టండి.

సెలవు.