నోటిఫికేషన్ కంటే ముందు ఖాళీని పట్టుకుందాం

(విద్యార్థులు, నిరుద్యోగుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నీళ్లు, నిధులు, నియామకాలని గొంతులు బొంగురుపోయేదాక అరిచినోళ్లం మనం. ఆ మూడింట్ల చివరిదాని గురించి మాట్లాడుదామనే వచ్చినం. సర్కారు ఏం చేయాలనేది మీకు కొత్తగా చెప్పేది లేదు. అది ఎట్లాగూ అడుగుతం. గానీ మనం కొలువు వెతుక్కునే తీరు సంగతేంది?

అశోక్‌నగర్ల ఒక్క గదిల నలుగురు ఉంటరు. నలుగురికీ ఒక్కటే కోచింగ్ సెంటర్, ఒక్కటే పేపరు. నోటిఫికేషన్ పడిందా అని ఒకలనొకలు అడుగుతరు. పడితే నలుగురికీ ఒక్కసారే తెలుస్తది. పడకపోతే నలుగురూ అట్లనే కూసుంటరు. ఇది వెతుకుడు కాదు, ఎదురుచూసుడు. ఎదురుచూసుడు ఎంత ఖరీదో గ్రూప్-1 చెప్పింది. 2022 ఏప్రిల్‌ల 503 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చిన్రు. పేపర్ లీకై 2023 మార్చిల ప్రిలిమ్స్ రద్దయింది. మల్ల పెడితే 2023 సెప్టెంబర్‌ల హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిల 563 పోస్టులతోని మల్ల మొదటికే వచ్చింది. ఒక్క పరీక్షనే నమ్ముకున్న పిల్లలకు ఆ ఏండ్లు ఎవరు తిరిగిస్తరు?

మన ఉద్యమం బలం ఎక్కడిది? లెక్కలది. 1985 డిసెంబర్ 30న 610 జీవో ఊరికెనే రాలె. ఏ జోన్ల, ఏ దఫ్తర్ల స్థానికేతరులు ఎందరున్నరో ఎన్జీవోలు లెక్క తీసి ముందట పెడితే వచ్చింది. 2001ల గిర్‌గ్లానీ కమిషన్ వేసినా, అది 2004ల నివేదిక ఇచ్చినా అంతే. అందరి కోసం లెక్క తీసిన మనం సొంత కొలువు కాడికొచ్చేసరికి పేపర్‌ల వచ్చినదాన్నే నమ్ముతున్నం.

బిస్వాల్ కమిషన్ నివేదికను చూడుండ్రి. మంజూరైన పోస్టులు 4,91,304. అండ్ల ఖాళీలు 1,91,126. అది రాష్ట్రం లెక్క. మీకు కావాల్సింది మీ జిల్లాల, మీరు చదివిన చదువుకు, మీరు లోకల్ అయ్యే కేడర్‌ల ఎన్ని ఖాళీలున్నయనేది. ఇది ఎవరూ చెప్పరు, అడిగి తీసుకోవాలె. 2005 సమాచార హక్కు చట్టం చేతిలనే ఉన్నది కద! మీకు కావాల్సిన శాఖ జిల్లా దఫ్తర్‌కు తెల్ల కాగితం మీద రాయుండ్రి. ఫలానా కేడర్‌ల మంజూరైన పోస్టులు ఎన్ని? పనిచేస్తున్నోళ్లు ఎందరు? రెండేండ్లల్ల రిటైరయ్యేటోళ్లు ఎందరు? రోస్టర్ ఎక్కడ ఆగింది? ఎందుకు అడుగుతున్నరో చెప్పాల్సిన పనిలేదు, చట్టమే ఆ మాట చెప్పింది. ముప్పై రోజులల్ల జవాబు ఇయ్యాలె, ఇయ్యకపోతే అప్పీలు ఉన్నది. ఒక్క జాగ్రత్త. ఉద్యోగుల పేర్లు, పుట్టిన తేదీలు అడగొద్దు. వ్యక్తిగతమని తిప్పి పంపుతరు. సంఖ్య అడిగితే చాలు.

రిటైర్మెంట్ల లెక్క ఎందుకంటే, 2021ల పదవీ విరమణ వయసు 58 నుంచి 61కి పెంచిన్రు. దాంతోని మూడేండ్లు రిటైర్మెంట్లు దాదాపు ఆగిపోయినయి. 2024 మార్చి 31 నుంచి మల్ల మొదలైనయి. ఏ దఫ్తర్‌ల ఎప్పుడు కుర్చీ ఖాళీ అయితదో ముందుగాలనే తెలిసే సంగతి ఇది.

ఇంకో ముచ్చట లోకల్ గురించి. శానామంది దీన్ని చివరిరోజు దాకా చూసుకోరు. 1975 నాటి పాత రాష్ట్రపతి ఉత్తర్వుల కింద నాలుగు నుంచి పది దాకా చదివిన ఏండ్లు చూసేటోళ్లు. 2018 ఉత్తర్వుల కింద ఒకటి నుంచి ఏడు దాకా చూస్తరు. అండ్ల కనీసం నాలుగేండ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. 95 శాతం పోస్టులు లోకల్‌కే. అచ్చంపేట దిక్కు పిల్లగాడు మూడు దాకా ఊర్ల చదివి, నాలుగు నుంచి హైదరాబాద్ హాస్టల్‌ల చదివిండనుకోండి. వాడు నాగర్‌కర్నూల్ జిల్లాకు కాదు, హైదరాబాద్‌కు లోకల్. జోన్ కూడా జోగులాంబ కాదు, చార్మినార్. మల్టీజోన్ మాత్రం మారదు. ఇది తెల్వకుండ సొంతూరి ఖాళీలు చూసుకుంట కూసుంటే ఏం లాభం? స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చుకోండ్రి. బడి మూతపడితే రికార్డులు ఎక్కడున్నయో మండల విద్యాధికారిని అడుగుండ్రి.

ప్రైవేటు కొలువుల సంగతి వేరు. పాశమైలారంల, జీడిమెట్లల శానా కొలువులు పేపర్‌కు ఎక్కనే ఎక్కవు, మనుషుల నోటి మీదనే నిండుతయి. అమెరికాల మార్క్ గ్రనోవెట్టర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973ల దీని మీద రాసిండు. తెలిసినోళ్ల ద్వారా కొలువు దొరికినోళ్లను ఆయన అడిగితే, తరచు కలిసేటోళ్ల ద్వారా దొరికింది ఆరుగురిల ఒకరికే. మిగిలినోళ్లకు ఎప్పుడో ఒకప్పుడు కలిసేటోళ్లే దారి చూపిన్రు. గదిల దోస్తుకు తెలిసింది మీకూ తెలుసు కాబట్టి వాడిని అడిగి ఫాయిదా లేదు. 2011ల సకల జనుల సమ్మెల 42 రోజులు మన పక్కపొంటి కూసున్నోళ్లు ఎందరు! సింగరేణోళ్లు, ఆర్టీసోళ్లు, టీచర్లు, వకీళ్లు. వాళ్ల నంబర్లు ఇంకా మన ఫోన్లల్ల ఉన్నయి. ఫోన్ చేసి 'అన్నా, నౌకరి పెట్టియ్యి' అంటే పాపం ఆయన ఇరకాటంల పడతడు. 'అన్నా, మీ దిక్కు ఎవరన్నా మానేస్తున్నరా? మనుషులను తీసుకునేదెవరు?' అని అడిగితే చెప్పనీకె ఆయనకు ఇబ్బంది ఉండదు.

పైసలిస్తే ఔట్‌సోర్సింగ్‌ల పెట్టిస్తమనేటోళ్లు వస్తే, ఆ దఫ్తర్‌ల ఖాళీ ఉన్నదో లేదో ఇదే దరఖాస్తుతోని ముందు అడుగుండ్రి. జవాబు వచ్చేదాక ఒక్క రూపాయి ఇయ్యొద్దు.

సమాచార హక్కు దరఖాస్తు నమూనా ఆ మూల బల్ల మీద పెట్టినం. ఒకరు ఒక దఫ్తర్ పంచుకోండ్రి, ఒక్కదానికే అందరూ పెట్టొద్దు. జవాబులు వచ్చినంక మా పత్రికకు పంపితే జిల్లాలవారీగ అచ్చేస్తం.

జై తెలంగాణ.