వద్దనడానికి కారణం చూపించాలా?

(నెల్లిమర్లలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెళ్ళి, విడాకుల చట్టాల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ముందుగా ఒక సినిమా గురించి చెప్పి, ఆ తర్వాత చట్టంలోకి వస్తాను. చట్టాల సభలో సినిమా ఏమిటని అనుకోకండి. మొగుడంటే ఎలా ఉండాలో, పెళ్ళాం ఎంతవరకు ఓర్చుకోవాలో మనలో చాలామందికి నేర్పింది చట్టం పుస్తకం కాదు, సినిమా హాలు. జూట్ మిల్లు కార్మికుల ఇళ్ళల్లోనైనా, విజయనగరంలోని ఆఫీసర్ల ఇళ్ళల్లోనైనా ఆ పాఠం ఒకటే.

ఆ సినిమా 1986లో మణిరత్నం తమిళంలో తీసిన 'మౌనరాగం'. తెలుగులోకి కూడా అదే పేరుతో డబ్బింగై వచ్చింది. మీలో చాలామంది టీవీలోనైనా చూసే ఉంటారు. దివ్య (రేవతి)కి పెళ్ళి ఇష్టం లేదు. పెళ్ళిచూపులు తప్పించుకోవాలని ఇంటికి కావాలనే ఆలస్యంగా వస్తుంది. వచ్చినవాళ్ళు కదలకుండా అక్కడే కూర్చుని ఉంటారు. పెళ్ళికొడుకు ముఖం మీదే తన లోపాలన్నీ ఏకరువు పెడుతుంది. అతనికి ఆ మాటలే నచ్చుతాయి! ఇంతలో తండ్రికి గుండెపోటు. తల్లి కన్నీళ్ళు. దివ్య మెడ వంచుతుంది. ఢిల్లీలో కాపురం పెట్టాక, నీకేం కానుక కావాలని భర్త (మోహన్) అడిగితే విడాకులు కావాలంటుంది.

మనవాళ్ళు మరచిపోలేని మాట ఈ సినిమాలో ఒకటుంది. మీరు తాకితే గొంగళిపురుగు పాకినట్టుంటుందని ఆమె భర్తతో చెబుతుంది. పెళ్ళయిన ఆడది తన ఒంటి గురించి ఇంత సూటిగా మాట్లాడటం మన తెరమీద అరుదు. ఆ మాటకు భర్త చెయ్యెత్తడు, బలవంతం చెయ్యడు, దూరంగా ఉంటాడు. ఆడవాళ్ళకు ఈ సినిమా అంతగా నచ్చడానికి కారణం అదేనని నేననుకుంటాను. ఎందరో 'ఇలాంటి మొగుడు దొరికితేనా!' అనుకున్నారు.

దివ్య ఎందుకు వద్దంటోంది? ఆమెకు పూర్వం ఒక ప్రేమ ఉంది. మనోహర్ (కార్తీక్) అనే యువకుడు రిజిస్టరు పెళ్ళి చేసుకోవాల్సిన రోజునే పోలీసు తూటాకు చనిపోయాడు. ఇది తెలిశాక ప్రేక్షకులకు ఆమె మీద జాలి కలుగుతుంది. 'పాపం, అందుకా!' అని సమాధానపడతారు.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. మణిరత్నం మొదట రాసుకున్న చిన్న కథలో ఈ ప్రియుడు లేడు. ముక్కూ మొహం తెలియని మగవాడితో ఒక గదిలోకి నెట్టబడిన ఆడపిల్ల కథ అది. ప్రియుడి పాత్రను సినిమా కోసం తర్వాత చేర్చానని దర్శకుడే చెప్పాడు. ఉత్తినే 'నాకు ఇష్టం లేదు' అంటే ప్రేక్షకులు ఒప్పుకోరు. ఆ వద్దుకు ఒక కారణం కావాలి, ఆ కారణం కూడా మరో మగవాడే అయి ఉండాలి, అతను చచ్చిపోయి ఉండాలి. అప్పుడే ఆడదాని అయిష్టానికి గౌరవం!

ఇది ఒక్క మణిరత్నం తప్పు కాదు. పెళ్ళికి ముందటి ప్రేమ గురించి తమిళం నుంచి మనకు వచ్చిన కథలన్నీ ఆ దారిలోనే నడిచాయి. శ్రీధర్ 1962లో తీసిన తమిళ చిత్రం 1966లో తెలుగులో 'మనసే మందిరం' అయింది. అక్కినేని, సావిత్రి, జగ్గయ్య నటించారు. జబ్బుపడిన భర్తకు వైద్యం చెయ్యవలసింది భార్య పూర్వం ప్రేమించిన డాక్టరే. నేను పోతే నువ్వు అతన్ని పెళ్ళి చేసుకో అంటాడు భర్త. ఇద్దరు మగవాళ్ళూ త్యాగంలో పోటీలు పడతారు. మధ్యలో ఆమెకేం కావాలో తెలుసుకునే తీరిక ఎవరికీ లేదు. 1981లో భాగ్యరాజ్ తమిళ చిత్రాన్ని బాపు 'రాధా కళ్యాణం'గా తీశారు. అందులో భర్త ఇంకా మంచివాడు, భార్యను ఆమె ప్రేమించినవాడి దగ్గరకు చేర్చాలని చూస్తాడు. కానీ చివరికి గెలిచేది తాళి. 'మౌనరాగం' కూడా రైల్వే స్టేషన్లో విడాకుల కాగితాలు చింపెయ్యడంతోనే ముగుస్తుంది. భర్త మంచివాడైతే చాలు, ఆమె మనసు దానంతటదే మారుతుందని ఈ సినిమాలన్నీ మనకు నచ్చజెబుతాయి.

భర్త మంచివాడు కాకపోతే? లేదా మంచివాడే అయినా ఆమె మనసు మారకపోతే?

కొన్నేళ్ళ కిందట మా దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది. ఊరూ పేరూ చెప్పను. పందొమ్మిదేళ్ళుంటాయి. పెళ్ళయిన మూడు నెలలకే పుట్టింటికి వచ్చేసింది. కొట్టాడా అంటే లేదు. తాగుతాడా అంటే లేదు. కట్నం గొడవా లేదు. 'నాకు ఇష్టం నేదు' అన్నదొక్కటే మాట. తల్లి, 'ఎవుడినైనా మనసులో ఎట్టుకున్నావేటే?' అని నిలదీసింది. కులపెద్దలు అదే అడిగారు. నేను ఇరవై ఏళ్ళుగా సంఘంలో పనిచేస్తున్నదాన్ని. తలుపు మూసి, భుజం మీద చెయ్యేసి, మెత్తగా నేనూ అదే అడిగాను. ఆ పిల్ల నా వంక చూసి, 'ఉన్నాడంటే నన్నొగ్గేస్తారేటండి? అలాగైతే ఉన్నాడనే రాసుకోండి' అంది.

ఎవడూ లేడు. ఆమె తిరిగి అత్తవారింటికి వెళ్ళిపోయింది. మేము రిజిస్టరులో 'రాజీ కుదిరింది' అని రాసుకున్నాం. ఆ రెండు మాటలు ఈ రోజుకీ నన్ను బాధపెడతాయి. సినిమా కోసం దర్శకుడు ప్రియుణ్ణి కల్పించాడు. ఆ పిల్లచేత మేమూ అదే పని చేయించబోయాం.

ఇప్పుడు చట్టానికి వద్దాం. హిందూ వివాహ చట్టం 1955 కూడా కారణమే అడుగుతుంది. క్రూరత్వం, వదిలెయ్యడం, వ్యభిచారం లాంటివి నిరూపించాలి. 'ఇష్టం లేదు' అన్నది విడాకులకు కారణం కాదు. పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకునే 13బి సెక్షను 1976లో వచ్చింది. దానికి భర్త కూడా ఒప్పుకోవాలి. పెళ్ళయిన ఏడాదిలోపు, విపరీతమైన కష్టం ఉంటే తప్ప, విడాకులకు దరఖాస్తు చెయ్యకూడదని 14వ సెక్షను అంటుంది. సినిమాలో లాయరు ఏడాది ఆగమన్నది అందుకే. దరఖాస్తు చేశాక ఆగవలసిన ఆరు నెలల గడువును తగిన కేసుల్లో కోర్టు తగ్గించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. బలవంతంగా చేసిన పెళ్ళిని రద్దు చేయించుకోవడానికి 12వ సెక్షను ఉంది. అయితే బలవంతం తొలగిన ఏడాదిలోగా కోర్టుకు వెళ్ళాలి, ఆ తర్వాత ఇష్టపడి కాపురం చేసి ఉండకూడదు. ఇది మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

వెళ్ళిపోయిన భార్యను కాపురానికి రమ్మని ఆదేశించే 9వ సెక్షను కూడా ఉంది. దాని మీద పోరాడింది ఒక సినిమా నటే. సరితకు మద్రాసులో హైస్కూల్లో చదువుకుంటున్నప్పుడే, 1975లో, తిరుపతిలో పెళ్ళి చేశారని కేసు. వెనువెంటనే విడిపోయారు. ఏళ్ళ తర్వాత భర్త కాపురానికి పంపమని కడప కోర్టుకెక్కాడు. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షను రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. ఇష్టంలేని స్త్రీని ఆమె శరీరం విషయంలో రాజ్యం బలవంతపెట్టకూడదన్నది ఆ తీర్పు సారాంశం. మన రాష్ట్రం గర్వించదగిన తీర్పు అది. ఆ మరుసటి ఏడాదే, 1984లో, సుప్రీంకోర్టు మరో కేసులో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. 9వ సెక్షను మళ్ళీ బతికింది.

ఇక గదిలోపలి మాట. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. కానీ పద్ధెనిమిదేళ్ళు నిండిన భార్యను భర్త బలవంతం చేస్తే అది అత్యాచారం కాదన్న మినహాయింపు 63వ సెక్షనులో అలాగే ఉంది. 2005 గృహహింస చట్టం మాత్రం లైంగిక హింసను హింసగా గుర్తించి, రక్షణ ఉత్తర్వులు ఇస్తుంది. అంటే 'మౌనరాగం'లో దివ్యను కాపాడింది భర్త మంచితనం తప్ప ఆమె హక్కు కాదు. మంచితనం మీద ఆధారపడి ఎంతమంది ఆడవాళ్ళను గదుల్లోకి పంపుతాం?

ఒక అక్క నన్ను సరైన ప్రశ్న అడిగింది. ఇష్టం లేదన్నది చాలంటే, రేపు మగవాళ్ళు కూడా అదే మాట చెప్పి మనల్ని వీధిలో నిలబెట్టరా? నిలబెడతారు. ఇప్పటికీ ఏ చట్టంతో పనిలేకుండానే నిలబెడుతున్నారు. అందుకే విడిపోయే హక్కునూ ఆస్తి హక్కునూ విడదీసి చూడకూడదు. కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇస్తూ మన రాష్ట్రం చేసిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందే పెళ్ళయినవాళ్ళను అది వదిలేసింది. 2005 కేంద్ర సవరణ ఆ తేడాను తీసేసింది. దివ్యకు తండ్రి గుండెపోటు తెలుసు గానీ తండ్రి ఆస్తిలో తన వాటా తెలియదు. నిలబడటానికి నేల ఉన్న పిల్ల గొంతే పైకి లేస్తుంది.

ఇది గురజాడ గడ్డ. విశాఖ జిల్లాలో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కం పెళ్ళిళ్ళను లెక్కిస్తే 1034 తేలాయనీ, వాటిలో ఐదేళ్ళ పిల్లలు 99 మంది, ఏడాది పసికందులు ముగ్గురనీ 'కన్యాశుల్కం' ముందుమాటలో ఆయన రాశారు. ఆ పిల్లలకు మాటలే రావు, వద్దని ఎలా అంటారు? మన పిల్లలకు మాటలొచ్చాయి, చదువొచ్చింది. అయినా వినే చెవులు మనకు రాలేదు.

అందుకని ఈ సభలో ఒక్క నిర్ణయం చేద్దాం. పెళ్ళి వద్దనో, కాపురం వద్దనో ఒక ఆడపిల్ల మన సంఘం గడప తొక్కితే, 'ఎవరైనా ఉన్నారా?' అన్నది మన మొదటి ప్రశ్న కాకూడదు. 'ఈ రాత్రికి నీకు ఉండటానికి చోటుందా? నీకేం కావాలి?' అని అడుగుదాం. ఆమె మాట ఆమె చెప్పినట్టే రిజిస్టరులో రాద్దాం. ఆమె నోటితో ఒప్పుకుంటే తప్ప 'రాజీ' అన్న మాట రాయవద్దు.

ఆ పందొమ్మిదేళ్ళ పిల్లకు ఆ రోజు చెప్పవలసిన మాట ఇప్పుడు మీ అందరి ముందూ చెబుతున్నాను. అమ్మా, నీకు ఇష్టం లేదన్నావు. అది చాలు.