యువకులలో ఆవేశం: కారణాలు, నివారణ

అల్లాహ్‌ను స్తుతించి, ఆయన అంతిమ ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం)పై దరూద్ పంపిన పిదప, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల ధార్మిక సోదరులారా! అల్లాహ్‌కు భయపడవలసిందిగా ముందు మాకు మేమూ, తర్వాత మీకూ హితవు చెప్పుకొంటున్నాము.

2023 ఆగస్టు 4న మదనపల్లె సమీపంలోని అంగళ్లులోనూ, పుంగనూరులోనూ జరిగినదానిని మనం మరువలేదు. ఒక రాజకీయ పర్యటన సందర్భంగా రాళ్లు లేచాయి. పోలీసు వాహనాలు దగ్ధమయ్యాయి. పలువురు పోలీసులు గాయపడ్డారు. ఒక కానిస్టేబులు ఒక కంటి చూపు కోల్పోయాడు. అనేకమందిపై కేసులు నమోదయ్యాయి. అంతకు ముందటి ఏడాది ఆగస్టులో కుప్పం కూడా ఇటువంటి ఘర్షణలనే చూసింది. దోషులెవరో తేల్చడం న్యాయస్థానం పని, ఈ మింబరు పని కాదు. మన ముందున్న ప్రశ్న వేరు. రాయి పట్టిన చేయి ఏ ఇంట పెరిగింది? దానిని ఆపవలసినవారు ఎక్కడున్నారు?

ఆవేశానికి మొదటి బడి ఇల్లే. తండ్రి ప్రతి తగవునూ చేతితోనే తేల్చే ఇంట్లో కొడుకు మాటతో తేల్చడం నేర్వడు. తనకు పదిమంది బిడ్డలున్నా ఒక్కరినీ ముద్దాడలేదన్న అఖ్రా బిన్ హాబిస్‌ను ప్రవక్త (స) మెచ్చుకోలేదు. దయ చూపనివానికి దయ దొరకదని హెచ్చరించారు.

రెండవ కారణం పెద్దదిక్కు లేకపోవడం. కొందరు తండ్రులు గల్ఫ్‌లో ఉన్నారు. కుప్పంలో కొందరు తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కి రాత్రికి గాని ఇల్లు చేరరు. టమాటా ధర పడిపోయిన నెలలో మదనపల్లె మార్కెట్టును నమ్ముకొన్న ఇళ్లలో కోపం పొయ్యికంటే ముందు రగులుతుంది. ఇది వారి నేరం కాదు. కానీ ఆ ఖాళీని ఎవరో ఒకరు నింపుతారు. మనం నింపకపోతే వీధి నింపుతుంది.

మూడవది సహవాసం. మత్తు, ఫోనులో క్షణక్షణం వచ్చే రెచ్చగొట్టే వీడియోలు, వాడుకొని వదిలేసే నాయకులు. ఉసిగొల్పినవాడు తెరవెనుక ఉంటాడు. కేసులో పేరు మాత్రం రాయి విసిరినవానిది. ఆ ఒక్క కేసుతో పాసుపోర్టుకూ, ప్రభుత్వోద్యోగానికీ చిక్కులు ఏర్పడవచ్చు. 16 ఏళ్లు నిండిన బాలుడు ఘోర నేరం చేస్తే, 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, అతనిని పెద్దవానిగా విచారించే వీలు కూడా ఉంది.

యౌవనంలో ఉద్వేగం ముందు పరిపక్వమవుతుందనీ, నిగ్రహం ఇరవై దాటిన తర్వాత గాని పూర్తిగా కుదురుకోదనీ వైద్యులు చెబుతారు. అది తప్పుకు మినహాయింపు కాదు. పెద్దల బాధ్యతకు ఆధారం.

మరి నివారణ ఏమిటి? కోపం వచ్చినపుడు నిలుచున్నవాడు కూర్చోవాలని, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలని ప్రవక్త (స) బోధించారు. ఎదుటివానిని పడగొట్టేవానిని గాక, ఆగ్రహంలో తనను తాను అదుపు చేసుకొనేవానినే ఆయన బలవంతుడన్నారు. ఈ పాఠాన్ని ముందు తండ్రులు ఆచరించాలి, తర్వాత బిడ్డలకు చెప్పాలి.

ఒక యువకుడు వ్యభిచారానికి అనుమతి కోరినపుడు సభికులు గద్దించారు. ప్రవక్త (స) దగ్గర కూర్చోబెట్టుకొని, నీ తల్లి విషయంలో, నీ సోదరి విషయంలో దీనిని సహిస్తావా అని అడిగి, అతని కొరకు దుఆ చేశారు. మన కుర్రవాడు తప్పుడు మాట మాట్లాడినపుడు మనం చేసేది గద్దింపా, కూర్చోబెట్టుకోవడమా?

యౌవనపు శక్తిని అణచితే చాలదు, దానికి పని ఇవ్వాలి. సుమారు 20 ఏళ్ల వయస్సులో ప్రవక్త (స) పీడితుల హక్కు కొరకు జరిగిన హిల్ఫుల్ ఫుజూల్ ఒడంబడికలో పాల్గొన్నారు. మన మసీదు కమిటీలలో పాతికేళ్లలోపు వారు ఎందరున్నారు? రక్తదానం, పేద విద్యార్థులకు చదువు, రోగులకు తోడు: ఈ పనుల బాధ్యతను వారికే అప్పగించండి.

చివరిగా, అన్యాయం చేసే సోదరునికి కూడా సహాయం చేయమని ప్రవక్త (స) అన్నపుడు, అదెలాగని అనుచరులు అడిగారు. అతని చేయి పట్టి ఆపడమే సహాయమని ఆయన వివరించారు. మన పిల్లలను వెనకేసుకు రావడం ప్రేమ కాదు. రాయి విసరకముందే ఆ చేయి పట్టుకోవడం ప్రేమ. ఈ రోజు నమాజు తర్వాత ఇంటికి వెళ్లి కొడుకు పక్కన అరగంట కూర్చోండి, చెప్పకండి, వినండి.

ఓ అల్లాహ్! మా యువకుల హృదయాలకు నిగ్రహాన్ని, మా పెద్దలకు దయను, మా ఊళ్లకు శాంతిని ప్రసాదించు. ఆమీన్.