మంచం పక్క మీట

ఇంట్లో మంచం పట్టిన పెద్దవాళ్ళుంటే మన ధ్యాసంతా ఆ గదిమీదే ఉంటుంది. వంటింట్లో కుక్కరు కూస్తూంటే అత్తగారి పిలుపు వినబడదు. "నానమ్మ మంచం పక్కన మీట పెట్టి, వంటింట్లో బజరు మోగిస్తానమ్మా" అని మీ అమ్మాయి అంటే కాదనకండి. 2005లో ఇటలీలోని ఇవ్రియా ఊళ్ళో విద్యార్థుల కోసం పుట్టిన ఆర్డుయినో బోర్డు ఒకటుంటే ఈ పని జరుగుతుంది.

అయితే కట్టగానే అది సరిగా పలకడం అరుదు. అప్పుడు పిల్లని కసరకుండా పక్కన కూచోండి. ప్రోగ్రాం రాయడం మీకు రానక్కరలేదు. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడినా, చెరుకు గానుగ సంగతి బోధన్ వైపు వాళ్ళకి వేరే చెప్పాలా? గానుగెద్దు తిరిగినట్టే బోర్డు కూడా రాసిన వరసంతా చేసి, మళ్ళీ మొదటికి వస్తుంది. దాన్నే లూప్ అంటారు.

ఇక మూడు ప్రశ్నలు అడగండి.

నొక్కకుండానే మోగుతోందా? పుల్-అప్ పద్ధతిలో కలిపిన మీట వదిలేసినప్పుడు ఒకటి, నొక్కితే సున్నా చూపిస్తుంది. "ఒకటైతే మోగు" అని రాస్తే అంతా తలకిందులే మరి.

నొక్కినా ఒక్కోసారి పలకదా? వరసలో "ఐదు సెకన్లు ఆగు" అని ఉందేమో చూడమనండి. అంతసేపూ బోర్డు మీట వంక చూడదు. పెద్దావిడ ఆలోగా నొక్కి వదిలేస్తే ఆ పిలుపు పోయినట్టే. ఆగమనే బదులు, బోర్డులోని గడియారాన్ని చూసుకుంటూ తిరగమని రాయాలి.

మొదలెడితే ఆగదా? "నొక్కి ఉన్నంతసేపూ మోగు" అని లోపల ఇంకో చిన్న లూప్ పెట్టి, అందులో మీటను మళ్ళీ చదవమనకపోతే, వేలు తీసిన సంగతి బోర్డుకి తెలియదు. చదివే ఆ మాట లోపలి లూప్‌లోనూ ఉండాలి.

మీట ఏం చెబుతోందో కంప్యూటరు తెరమీద అంకెల్లో చూపించమనండి. మార్చేటప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఉప్పూ పులుపూ ఒకేసారి వేస్తే కూర ఎందుకు చెడిందో ఎలా తెలుస్తుంది?

చివరిగా ఒక్కమాట. కరెంటు పోతే బజరూ మూగబోతుంది, అందుకని బ్యాటరీ పెట్టించండి. యాభైసార్లు నొక్కి చూశాకే మంచం పక్కన అమర్చండి. అమర్చాక కూడా మధ్యమధ్య గదిలోకి తొంగిచూడడం మానకండి. సెలవు.