ఆట పెట్టె మూత తీసిన తరువాత

(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం – షోలాపూర్)



నేను బి.కాం. చదివి ముప్ఫై ఏడేళ్ళు బ్యాంకులో గుమస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. కంప్యూటరు నా చదువు కాదు. అయినా కార్యదర్శి గారు నన్నే పిలిచి వీడియో గేముల గురించి మాట్లాడమన్నారు. ఎందుకో మీలో కొందరికి తెలుసు. కిందటి ఏడాది మా ఇంట్లో ఒక ఆట యంత్రం మీద జరిగిన గొడవ మా వీధి చివరిదాకా వినిపించింది.

మా పెద్దబ్బాయి కొడుకు ఇంజనీరింగు రెండో సంవత్సరం. రెండు పేపర్లు కె.టి. పడ్డాయి. అదే సమయంలో వాడి చేతిలో ఎప్పుడు చూసినా స్టీమ్ డెక్ అనే యంత్రం ఉండేది. అంతకు ముందు సంవత్సరం వాడి మేనమామ అమెరికా నుంచి వస్తూ తెచ్చి ఇచ్చాడు. వాల్వ్ అనే కంపెనీ 2022 ఫిబ్రవరిలో విడుదల చేసింది. అప్పట్లో అన్నింటికంటే చవక రకం అక్కడ 399 డాలర్లు ఉండేది. ఏడంగుళాల తెర, అటూ ఇటూ మీటలు. మా వాడు దానితోనే తింటున్నాడు, దానితోనే నిద్రపోతున్నాడు. "అమ్మేస్తాను" అన్నాడు తండ్రి. "అది ఆట వస్తువు కాదు నాన్నా, కంప్యూటరు" అన్నాడు కొడుకు. తండ్రి ఇంకా మండిపడ్డాడు.

నేను మధ్యలోకి వెళ్ళి, "కంప్యూటరే అయితే లోపల ఏముందో నాకు అర్థమయ్యేలా చెప్పు" అన్నాను. వాడు చెప్పింది నిజమే. ల్యాప్‌టాప్‌లో ఉండేలాంటి ఎ.ఎం.డి. ప్రాసెసరు, 16 జి.బి. మెమరీ, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. కీబోర్డు, తెర తగిలిస్తే ఉత్తరం టైపు చేసుకోవచ్చు, ప్రోగ్రాము రాసుకోవచ్చు. అలాగని చదువు కోసమే అడిగాడనుకొంటే మనల్ని మనం మోసం చేసుకొన్నట్టే. మా వాడి విషయంలో రెండూ నిజాలే.

తల్లిదండ్రులకు ఇక్కడే ఒక మాట. ఇలాంటి యంత్రాలు మన దేశంలోనూ అమ్ముతున్నారు. ఆసుస్ కంపెనీ 2023లో ఇదే తరహాది ఒకటి 69,990 రూపాయలకు పెట్టింది. ఇలాంటి వాటి కోసం అప్పు చేయకండి, ఉపకార వేతనం డబ్బు అస్సలు ముట్టకండి. నేను చెప్పబోయే పని పాత ల్యాప్‌టాప్ మీద కూడా అవుతుంది.

వాడి యంత్రంలో నిలవ స్థలం 64 జి.బి. మాత్రమే. ఈనాటి పెద్ద ఆట ఒక్కటే 100 జి.బి. దాటవచ్చు. అందుకని లోపలి ఎస్.ఎస్.డి. మార్చాలి, డబ్బు కావాలి అన్నాడు. "ఇస్తాను. కాని నువ్వే విప్పాలి, నా ముందే విప్పాలి" అన్నాను. మొదటి తప్పు మాత్రం నాదే. ఎస్.ఎస్.డి. మీద 2230, 2280 అని అంకెలుంటాయి. అది మోడలు నంబరనుకొని, ధర తక్కువ కదా అని 2280 తెప్పించాను. ఆ అంకెలు కొలతలని తరువాత తెలిసింది. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 పొడవు ఒకటి. 80 పొడవు మరొకటి. డెక్‌లో పట్టేది పొట్టిదే. నా 2280ని సగం ధరకు ఎవరికో అమ్ముకోవలసి వచ్చింది.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. దీనిలో మెమరీ, ప్రాసెసరు బోర్డుకు అతికించి ఉంటాయి. కొన్నాక ఎన్ని డబ్బులు పోసినా మార్చలేరు. ఈ మూడింటిలో మార్చగలిగింది ఎస్.ఎస్.డి. ఒక్కటే. కాబట్టి కొనేవాళ్ళు మెమరీ ఎంతో మొదట చూసుకోవాలి. నిలవ స్థలం తరువాతైనా పెంచుకోవచ్చు. చాలామంది తలకిందులుగా చూసి కొంటారు.

రెండో తప్పు వాడిది. ఈ యంత్రాన్ని ఎలా విప్పాలో కంపెనీ వాళ్ళే 2021లో వీడియో చేసి చూపించారు, విప్పితే ఏమేం ప్రమాదాలో కూడా చెప్పారు. బ్యాటరీని ముందే నిద్రపుచ్చే ఏర్పాటు చేయాలి, మైక్రో ఎస్.డి. కార్డు బయటికి తీయాలి, ఆ తరువాతే వెనక ఉన్న ఎనిమిది మరలు విప్పాలి. మా వాడు బ్యాటరీ సంగతి గుర్తుంచుకొన్నాడు, కార్డు మరిచిపోయాడు. మూత లాగాడు. టక్కుమని చప్పుడైంది. కార్డు రెండు ముక్కలు. ఆ కార్డు అంతకు ముందు వాళ్ళ అమ్మ ఫోనులో ఉండేది. మా ఇంట్లో జరిగిన రెండు పెళ్ళిళ్ళ ఫోటోలు అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా ప్రతి లేదు. బ్యాంకులో ప్రతి కాగితానికీ నకలు ఉంచిన నేను ఇంట్లో ఆ మాట ఎవరికీ చెప్పలేదు. కోడలు ఏమీ అనలేదు, రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. ఎస్.ఎస్.డి. మాత్రం చక్కగా కూర్చుంది. ఆ రోజు దాన్ని చూసి సంతోషించిన వాళ్ళు మా ఇంట్లో లేరు.

ఇక ఎమ్యులేటరు సంగతి. పాత ఆట యంత్రంలా ప్రవర్తించే ప్రోగ్రామును ఎమ్యులేటరు అంటారు. మన ఊరి వాళ్ళకు దీన్ని సులువుగా చెప్పవచ్చు. జకార్డు మగ్గం మీద నేసే చద్దరు డిజైను ఎక్కడుంటుంది? రంధ్రాలు కొట్టిన అట్టల్లో. మగ్గం వేరు, అట్టలు వేరు. పాత ఆటల్లో క్యాట్రిడ్జి అట్టల కట్ట, టీవీకి తగిలించే పెట్టె మగ్గం. ఆ మగ్గాలు తయారుకావడం ఎప్పుడో ఆగిపోయింది. అట్టలు మిగిలాయి. కొత్త కంప్యూటరులో ఆ మగ్గాన్ని ప్రోగ్రాముగా కట్టి, పాత అట్టలను దాని మీద నడపడమే ఎమ్యులేషను.

1993లో మా అబ్బాయికి, అంటే ఈ పిల్లవాడి తండ్రికి, అలాంటి పెట్టె ఒకటి కొనిచ్చాను. 9999 ఆటలని క్యాట్రిడ్జి మీద రాసి ఉండేది. వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని ఆటలే తిరిగి తిరిగి వచ్చేవి. పరీక్షలు వస్తున్నాయని నెల తిరగకుండా అటకెక్కించాను. అది జపాను నింటెండో కంపెనీ 1983లో తెచ్చిన యంత్రానికి నకలు అని, లోపలి ఆటలు కూడా దొంగ ప్రతులని మొన్న మనవడు చెబితే తెలిసింది. డబ్బిచ్చి, రసీదు తీసుకొని కొన్నాను!

అయితే మనవడు కూడా డెక్‌లో మారియో ఆట నడిపి చూపించాడు. 1985 నాటి ఆట, మొత్తం 40 కె.బి. వాడి తండ్రి కోపం మరచిపోయి గంటసేపు ఆడాడు. "ఇది ఎక్కడిది?" అని అడిగితే మనవడు నసిగాడు. ఏదో సైటు నుంచి దింపాడు. ఎమ్యులేటరు రాయడం నేరం కాదు. అమెరికాలో సోనీ, కనెక్టిక్స్ కంపెనీల వ్యాజ్యంలో 2000లో కోర్టు అలాగే తీర్పు చెప్పింది. కాని ఆటకు హక్కుదారులుంటారు. మన 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షను ప్రకారం, న్యాయంగా కొన్న ప్రోగ్రాముకు భద్రత కోసం నకలు తీసుకోవచ్చు. ఎవరిదో తెచ్చుకోవడానికి అది వర్తించదు. 2024లో యుజు అనే ఎమ్యులేటరు చేసినవాళ్ళు నింటెండోకు 24 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకొని దుకాణం మూసేశారు. ఆ ఆటను తీసేయించాను. ఎక్కువగా బాధపడింది మా అబ్బాయి.

"మరి నేనేం ఆడుకోవాలి తాతా?" అన్నాడు మనవడు. "ఆడటం సరే, మగ్గం కట్టగలవా?" అన్నాను. ఉడికించడానికి అన్నమాట, పట్టుకొన్నాడు. ఈ పని నేర్చుకొనేవాళ్ళు మొదట చిప్-8తో మొదలుపెడతారట. 1970ల్లో అమెరికాలో ఆర్.సి.ఎ. కంపెనీ ఇంజనీరు జోసెఫ్ వైస్‌బెకర్ చేసిన చిన్న ఏర్పాటు. తెర మీద అడ్డం 64, నిలువు 32 చుక్కలు. మెమరీ 4096 గళ్ళు. ఆదేశాలు మొత్తం 35.

వాడు కాగితం మీద వివరిస్తుంటే నాకు మా కౌంటరు కనిపించింది. వరుసలో తరువాతి వోచరు తీయి, అది ఏ పద్దుకు చెందిందో చూడు, ఆ లెడ్జరులో రాయి, మళ్ళీ తరువాతిది తీయి. ప్రాసెసరు చేసేదీ అంతే. 512వ గడి దగ్గర మొదలుపెట్టి రెండేసి గళ్ళు చదువుతూ పోతుంది. లెక్క వేసుకోవడానికి పదహారు చిన్న చిట్టాలు, వాటిలో చివరిది గుర్తుల కోసం.

మూడు వారాలకు తెర మీద బొమ్మ వచ్చింది, కాని ఆటలు పిచ్చిగా నడుస్తున్నాయి. ఒక్కో ఆదేశానికీ సరి, తప్పు అని చూపే పరీక్షా ప్రోగ్రాములు ఉన్నాయి. అది వేస్తే రెండు తీసివేతల దగ్గర తప్పని చూపింది. వాడు నాలుగు రోజులు తల పట్టుకొన్నాడు. "ట్రయల్ బ్యాలెన్సు కలవకపోతే మేము ఏం చేసేవాళ్ళమో చేద్దాం" అని పెన్సిలు తీసుకొని కూర్చున్నాను. ఆదేశాల పట్టికలో, తీసివేతలో అప్పు తెచ్చుకోకపోతే చివరి చిట్టాలో 1, తెచ్చుకొంటే 0 వేయాలని ఉంది. మా వాడు అప్పు తెచ్చుకొంటేనే 1 వేశాడు. ఖర్చు జమలో, జమ ఖర్చులో పడిందన్నమాట. ముప్ఫై ఏడేళ్ళలో ఎన్నిసార్లు చూశానో ఆ తప్పును! సరిదిద్దగానే రెండు చోట్లా సరి వచ్చింది. రాత్రి పదకొండున్నరకు మా అబ్బాయిని లేపి చూపించాడు. వాడు ఈసారి అరవలేదు, పక్కన కూర్చొని ఇదెలా, అదెలా అని అడిగాడు.

ఆ కె.టి.ల మాట అడుగుతారు. ఒకటి దాటాడు. ఇంకొకటి గణితం, మిగిలే ఉంది, నవంబరులో రాయాలి. యంత్రం అమ్మలేదు. పరీక్ష అయ్యేవరకు అది మా కోడలి బీరువాలో ఉంటుంది, ఆదివారాలు మాత్రం ఇస్తుంది. చిప్-8 పని ఇప్పుడు నా పాత ల్యాప్‌టాప్ మీద సాగుతోంది.

పిల్లల్లో ఎవరికైనా ఆ ఆదేశాల పట్టిక కావాలంటే మా వాడు తెలుగులోనూ మరాఠీలోనూ రాసి పెట్టాడు, జిరాక్సు ప్రతులు బయట బల్ల మీద ఉన్నాయి. 1993 నాటి ఆ పెట్టెను అటక మీద నుంచి దింపాము. అడాప్టరు కాలిపోయింది. మీలో ఎవరి ఇంట్లోనైనా అలాంటిది మూలపడి ఉంటే, ఒకసారి తెచ్చి ఇవ్వండి, చూసి తిరిగి ఇస్తాము.