జేబులో మడత చాకు

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్తు కార్డుల గురించి నాకన్నా ముందు మాట్లాడినవారు విపులంగా చెప్పారు. నాకిచ్చిన పది నిమిషాలు ఒక చిన్న వస్తువుకి వినియోగిస్తాను. అది మడత చాకు. నవ్వకండి. "ఈ వయసులో నీకు చాకెందుకు నాన్నా, చెయ్యి తెగుతుంది" అని పిల్లలంటే మనలో చాలామంది దాన్ని అలమారలో పడేశారు. పడెయ్యవద్దని చెప్పడానికే నిలబడ్డాను.

పెన్‌నైఫ్ అన్న మాట ఈక కలాలు చెక్కుకోవడం నుంచి వచ్చింది. అంటే అది మొదటినుంచీ గుమాస్తాల ఆస్తే. పెన్సిలు చెక్కడం, పురికొస కోయడం, సీలు లక్క గీకడం అన్నీ దానితోనే చేశాం. 2004 పార్లమెంటు ఎన్నికలనాటికి దేశమంతటా ఓటింగు యంత్రాలు వచ్చినా, పోలింగు డ్యూటీలో లక్కా దారమూ పోలేదు.

రిటైరయ్యాక దాని పని తగ్గలేదు, పెరిగింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లు నేలకూలాయి. తరువాత నేను మా బావమరిది ఊరు వెళ్లాను. కరెంటు లేదు. టార్పాలిను కట్టే తాడు కోయడానికి, బియ్యం బస్తా కుట్లు విప్పడానికి, వాకిట్లో పడ్డ చిన్న రెమ్మలు తీయడానికి నా జేబులోని చాకే పనికొచ్చింది. మానులకి గొడ్డలి కావాలి, బొండానికి కత్తి కావాలి. ఆ రెండిటికీ చాకు వాడకూడదు.

అయితే పిల్లల భయంలోనూ నిజం ఉంది. మామూలు చాకుని తెరిచి నిలిపేది వెనక ఉన్న స్ప్రింగు ఒక్కటే. మొనతో గట్టిగా పొడిస్తే అది వేళ్లమీదికి ముడుచుకుంటుంది. కనుక బరువు పనికి దళసరి అలుగు, లాకు ఉన్నదే కొనాలి. ఫ్రాన్సులో జోసెఫ్ ఒపినెల్ 1890లో చెక్కపిడి చాకు తయారుచేస్తే, 1955లో దానికి తిరిగే ఉక్కు కట్టు చేర్చారు. కట్టు తిప్పితే అలుగు మూసుకోదు. లాకు ఏ రకమైనా, కొనేముందు పదిసార్లు తెరిచి మూసి చూడండి.

రెండో సంగతి పదును. చెయ్యి కోసేది మొండి చాకే. మొండిదైతే బలం ఎక్కువ పెడతాం, అది జారుతుంది. సానరాయిని తడిపి, అలుగుని కొంచెం వాల్చి రెండు వైపులా సమంగా నూరాలి. మన తీరంలో ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది. వాడిన వెంటనే తుడిచి, మడత కీలులో ఒక చుక్క కుట్టుమిషను నూనె వేయాలి. పనసకాయ కోసేముందు అలుగుకి వంటనూనె రాస్తే జిగురు పట్టదు.

పండుని అరచేతిలో పెట్టి కోయకండి, పలకమీద పెట్టండి. ఎదుటివారికి ఇచ్చేటప్పుడు మడిచి ఇవ్వండి. సుగరున్నవారికి గాయం మానడం ఆలస్యం. రక్తం పలచబడే మందులు వాడేవారికి నెత్తురు త్వరగా ఆగదు. చెయ్యి బాగా వణికేవారు మొహమాటం లేకుండా మానుకోవాలి. పిల్లలని చూడడానికి విమానంలో వెళ్లేవారు చాకుని చేతిసంచీలో ఉంచకండి. అక్కడ తీసేసుకుంటారు. చెకిన్‌లో ఇచ్చే పెట్టెలో సర్దుకోండి.

పార్సిలు విప్పడానికి మనవణ్ణి పిలుస్తాం. జామపండు కోయడానికి కోడల్ని పిలుస్తాం. ఏదీ పెద్ద పని కాదు. కాని ఒక్కొక్క పనీ ఇలా ఇతరులకి అప్పగిస్తూపోతే, కొన్నాళ్లకి మన చేతులు చెయ్యగలిగినవి కూడా చెయ్యడం మానేస్తాయి. పెన్షను ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా బతకడానికి ఇస్తున్నారు. ఆ మాట జేబులో డబ్బుకే కాదు, చేతిలో పనికీ వర్తిస్తుంది.

వచ్చే నెల సమావేశానికి నా సానరాయి తెస్తాను. అలమారలో పడున్న చాకులు మీరు తీసుకురండి.