చర్మము చెప్పు వార్త
(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ఉపన్యాసము)



భారతమున ఆదిపర్వములోని పరీక్షిన్మహారాజు కథ అందఱును వినినదే. ఒంటిస్తంభపు మేడచుట్టును కాపలా యుండగా తక్షకుడు మహాసర్పమై రాలేదు. పండులోని చిన్న పురుగై వచ్చెను. రాజు దానిని చూచియు తేలికగా తీసికొనెను. క్షయరోగమును అట్టిదే. దగ్గులో నెత్తురు పడునప్పటికి అది పురుగు కాదు, పాము.

చిత్తూరు సీమకు ఈ విషయము క్రొత్తది కాదు. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో క్షయ చికిత్సాలయము వెలసెను. దానికి మూలపురుషుడు డెన్మార్కు దేశీయుడగు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమొడ్ట్ మొల్లర్. 1948లో భారతదేశమున బి.సి.జి. టీకాలు మదనపల్లెలోనే మొదలయ్యెను. 1950 నుండి 1955 వఱకు ఆ చుట్టుపట్ల పల్లెలలో క్షయను గూర్చి గొప్ప పరిశోధన జరిగెను. ఆ పనులలో చర్మపరీక్షకు ముఖ్యస్థానము కలదు.

ఆ పరీక్ష ఎట్టిదనగా, ముంజేతి చర్మపు పొరలలోనికి సన్నని సూదితో ట్యూబర్క్యులిన్ అను ద్రవమును మిల్లీలీటరులో పదియవ వంతు ఎక్కింతురు. క్షయక్రిమి మునుపే దేహమున ప్రవేశించియున్నచో, దానిని ఎఱిగిన రక్తకణములు అచ్చటికి చేరి చర్మమును గట్టిపఱచును. 48 గంటలు మొదలు 72 గంటలలోపల ఆ గట్టిదనమును కొలుతురు. ఎఱుపు లెక్కకు రాదు. సామాన్యముగా 10 మిల్లీమీటర్లు గాని, అంతకు మించి గాని యున్నచో క్రిమి సోకినదని భావింతురు.

సోకుట వేఱు, రోగము వేఱు. సోకిన పదిమందిలో సుమారు తొమ్మండుగురు ఎన్నడును జబ్బుపడరు. కావున చేయి వాచిన కోడలిని పుట్టింటికి పంపుట అజ్ఞానము. కఫమును, ఎక్స్‌రేను పరీక్ష చేయించుట వివేకము.

ఈ పద్ధతికి ఒక లోపము కలదు. కొలుచువాడు మూడవనాడు వచ్చునప్పటికి, చేయి చూపవలసినవాడు వేరుసెనగ చేనిలో నుండును. కొలువని వాపు చదువని ఉత్తరము వంటిది.

సూదియు కాలక్రమమున మాఱినది. 1951లో బ్రిటనున హీఫ్ అను వైద్యుడు ఒక్కసారిగా ఆఱు సూదిమొనలు గ్రుచ్చు పనిముట్టును తెచ్చెను. 1998లో అమెరికాలోని జార్జియా శాస్త్రజ్ఞులు చర్మముగుండ మందు ఎక్కించుటకై సిలికానుతో అతిసూక్ష్మమైన సూదులను చేసిరి. ఇట్టి సూదులు మిల్లీమీటరు కంటె పొట్టివి. చర్మపు పైపొరను దాటును గాని, నొప్పి తెలుపు నరములను అంతగా తాకవు. కణముల నడుమనున్న ద్రవమును పీల్చి, అందలి చక్కెరను, రోగచిహ్నములగు మాంసకృత్తులను కనిపెట్టుటకును వీనిని నేడు వాడిచూచుచున్నారు. అయితే ఆ ద్రవము మిక్కిలి కొంచెము. అనేక మాంసకృత్తులు రక్తమున నున్నంతగా అందుండవు. అందుచేత ఈ పని ఇంకను చాలవఱకు పరిశోధనశాలలలోనే యున్నది.

ఫలితమును అక్కడికక్కడే చూపు సూది వచ్చినచో పల్లెవానికి రెండవ రాక తప్పును. అంతవఱకు ఆ బాధ్యత మనుజునిదే. అరలో నుండిన పుస్తకము చదువు కానట్లే, కొలువని పరీక్ష వైద్యము కానేరదు. పురుగును చూచి నవ్వినవాని గతి పురాణము చెప్పినది. పరీక్షకు చేయి చాచిన ప్రతివారును మూడవనాడు మరల వచ్చి చూపుదురుగాక!